వంపు గీతల శిల్పి - పియెర్ బెజియే

కర్నూలు జిల్లా పశ్చిమ భాగంలో ఆదోని, ఎమ్మిగనూరు పేరొందిన పట్టణాలు. ఆదోనికి పత్తి వ్యాపారం, ఎమ్మిగనూరుకు చేనేత పేరు తెచ్చాయి. 1938లో మాచాని సోమప్ప స్థాపించిన ఎమ్మిగనూరు చేనేతకారుల సహకార సంఘం ఎన్నో నేత కుటుంబాలకు ఆసరాగా నిలిచింది. 1954లో భారత ప్రభుత్వం ఆయనను పద్మశ్రీ పురస్కారంతో గౌరవించింది.

జకార్డు మగ్గంపై బట్ట అంచున మామిడి పిందెను నేయదలచినవారు ముందుగా దానిని గళ్ళ కాగితంపై చిత్రించుకుంటారు. పడుగూ పేకా కలిసే చోటుకు ఒక గడి గుర్తు. నింపిన గడి, విడిచిన గడి - ఈ రెండింటితోనే పిందె రూపం ఏర్పడుతుంది. ఆ గడులను అనుసరించి అట్టలకు రంధ్రాలు వేస్తారు. పిందెను రెండింతలు పెద్దదిగా చేయవలసి వస్తే గడులను మళ్ళీ కొత్తగా నింపుకోవాలి. లేకపోతే వంపు తిరిగిన చోట నునుపు పోయి మెట్లు మెట్లుగా కనిపిస్తుంది.

అదే మామిడి పిందెను ఆదోనిలోనో ఎమ్మిగనూరులోనో ఒక పెండ్లి శుభలేఖపై ముద్రించాలంటే కంప్యూటరు వేరొక మార్గాన్ని అనుసరిస్తుంది. అక్కడ గడులు ఉండవు. మొన వద్ద ఒకటి, వంపుల వద్ద మూడు - ఇట్లా నాలుగైదు బిందువులు చాలు. ఆ బిందువుల స్థానాలు తెలిస్తే యంత్రం తానే పిందెను గీస్తుంది. గోరంత పిందెను గోడంత చేసినా అంచు చెదరదు. కొద్దిపాటి బిందువులతో ఎంతటి వంపునైనా చెప్పగల ఈ విద్యను లోకానికి అందించినవారిలో అగ్రగణ్యుడు ఫ్రాన్సు దేశపు ఇంజనీరు పియెర్ బెజియే.

బాల్యం - విద్యాభ్యాసం

పియెర్ బెజియే 1910 సెప్టెంబరు 1వ తేదీన పారిస్ నగరంలో జన్మించారు. తండ్రి, తాత ఇద్దరూ ఇంజనీర్లే. కుటుంబ వృత్తినే తానూ చేపట్టదలచి, ఆర్ ఎ మెతియే ఇంజనీరింగు విద్యాలయంలో చేరి 1930లో యంత్రశాస్త్రంలో పట్టా పొందారు. అంతటితో తృప్తి చెందక విద్యుచ్ఛాస్త్రాన్ని కూడా అభ్యసించి 1931లో రెండవ పట్టా అందుకున్నారు. ఒకే మనిషిలో ఇనుమును మలిచే నేర్పు, విద్యుత్తును నడిపే జ్ఞానం కలిసి రావడం ఆయన భావి జీవితానికి పునాది అయింది.

1933లో, ఇరవై మూడేండ్ల వయసులో, ఆయన రెనో మోటారు వాహనాల సంస్థలో ఉద్యోగిగా ప్రవేశించారు. ఆ సంస్థలోనే నలభై రెండు సంవత్సరాలు పనిచేశారు. ఆయన మొదట చేరింది గణితం చేసే గదిలో కాదు. యంత్రాలకు పనిముట్లను అమర్చే పనిలో. మరుసటి ఏడాది పనిముట్లను రూపొందించే విభాగానికి మారారు. 1945 నాటికి ఆ విభాగానికే అధిపతి అయ్యారు. చేతికి నూనె మరక అంటకుండా కార్ఖానాను అర్థం చేసుకోవడం సాధ్యం కాదన్న సత్యం ఆయనకు తొలి రోజులలోనే బోధపడింది.

రెండవ ప్రపంచ యుద్ధం ఫ్రాన్సును కుంగదీసింది. పారిస్ సమీపంలోని రెనో కర్మాగారం బాంబు దాడులకు గురయింది. 1945లో ప్రభుత్వం ఆ సంస్థను జాతీయం చేసింది. యుద్ధానంతరం సామాన్య కుటుంబాలకు అందుబాటు ధరలో చిన్న కారును తయారుచేయాలని సంస్థ సంకల్పించింది. ఆ కారుకు ఫోర్ సీవీ అని పేరు. దాని యంత్రభాగాలను ఒక యంత్రం నుండి మరొక యంత్రానికి వాటంతట అవే సాగిపోయేటట్లు తయారుచేసే యంత్రశ్రేణులను రూపొందించే బాధ్యత బెజియేపై పడింది. ఆ బాధ్యతను ఆయన సమర్థంగా నిర్వహించారు. ఫ్రాన్సులో పది లక్షలకు మించి తయారైన మొట్టమొదటి కారుగా ఫోర్ సీవీ చరిత్రకెక్కింది.

చేతులు మారిన గీత

ఇంజను భాగాలు చాలావరకు గుండ్రని కడ్డీలు, చదునైన పలకలు, సూటి రంధ్రాలు. వాటిని కొలతలతో చెప్పవచ్చు. కారు పైకప్పు, ముందు భాగం, చక్రాలపై ఉండే రేకు అట్లాంటివి కావు. వాటికి నిర్దిష్టమైన వృత్తం లేదు, సరళరేఖ లేదు. అవి కళాకారుని కంటికి నచ్చిన వంపులు.

ఆ రోజులలో కళాకారుడు ముందుగా బొమ్మ వేసేవాడు. నమూనాకారుడు దానిని చూసి మట్టితో నమూనా చేసేవాడు. చిత్తు పనివారు అక్కడక్కడ కొలతలు తీసుకొని పెద్ద కాగితంపై గీసేవారు. ఆ గీతను బట్టి అట్టలు, చెక్కలు కోసేవారు. వాటిని బట్టి మరొకరు ఉక్కు అచ్చులు చేసేవారు. కొలిచిన రెండు చోట్ల నడుమ ఉన్న వంపును ప్రతి ఒక్కరూ తమ కంటి అంచనాతోనే పూరించవలసి వచ్చేది. గీత చేతులు మారిన ప్రతిసారీ వెంట్రుకవాసి మారేది. చివరకు రేకు రేకుతో కలవక, తలుపు సరిగా మూసుకోక, తప్పు ఎవరిదన్న వాదం చెలరేగేది. ప్రతి ఒక్కరూ తమ పని సవ్యంగానే చేశామని నమ్మేవారు. ఎవరి మాట నిజమో తేల్చడానికి అందరూ అంగీకరించే ఒక సాక్ష్యం లేదు.

ఈ చిక్కుకు మూలం పనివారి నిర్లక్ష్యం కాదని బెజియే గ్రహించారు. వంపును ఒకరి నుండి మరొకరికి నష్టం లేకుండా చెప్పగలిగే భాష లేకపోవడమే అసలు లోపం. 1957లో ఆయన యంత్రపరికరాల విభాగానికి సంచాలకులు అయ్యారు. సంఖ్యలను చదువుకొని తమంతట తాము లోహాన్ని కోసే యంత్రాలు అప్పుడప్పుడే రూపుదిద్దుకుంటున్నాయి. సంఖ్యలను అనుసరించే యంత్రం సిద్ధమైంది. అయితే కళాకారుని వంపును సంఖ్యలలోకి మార్చే మార్గం ఏది? 1960 నుండి ఆయన తన కాలాన్ని చాలావరకు ఈ ప్రశ్నకే అంకితం చేశారు.

పెట్టెలో గీత

బెజియే ఆలోచన వినడానికి చాలా సరళమైనది. ఒక పెట్టెలో ఒక వంపు గీత ఉన్నదనుకోవాలి. పెట్టెను సాగదీసినా, పక్కకు వంచినా లోపలి గీత కూడా దానితో పాటు మారుతుంది. కాబట్టి గీతలోని ప్రతి చోటునూ పట్టుకోనక్కరలేదు. పెట్టెను పట్టుకుంటే చాలు. ఈ ఊహను ఆయన గణిత సూత్రంగా మలిచారు. క్రమంగా అది కొన్ని బిందువులతో గీతను నడిపించే పద్ధతిగా స్థిరపడింది.

దీనిని గ్రాఫు కాగితంపై ఎవరైనా పరీక్షించవచ్చు. అ, ఆ, ఇ, ఈ అనే నాలుగు బిందువులను తీసుకోవాలి. గీత అ వద్ద మొదలై ఈ వద్ద ముగుస్తుంది. నడుమనున్న ఆ, ఇ బిందువుల గుండా అది సాధారణంగా పోదు; అవి అయస్కాంతాల వలె గీతను తమ వైపు లాగుతాయి. అ నుండి బయలుదేరేటప్పుడు గీత ఆ వైపు ముఖం పెడుతుంది. ఈని చేరేటప్పుడు ఇ దిక్కు నుండి వస్తుంది. అ స్థానం 0, 0 గాను, ఆ స్థానం 0, 8 గాను, ఇ స్థానం 8, 8 గాను, ఈ స్థానం 8, 0 గాను ఉన్నదనుకుందాం. వరుసగా ఒక్కొక్క జంటకు మధ్య బిందువులు తీస్తే 0, 4, 4, 8, 8, 4 వస్తాయి. ఈ మూడింటి మధ్య బిందువులు 2, 6, 6, 6. ఆ రెండింటి మధ్య బిందువు 4, 6. వంపు గీత సరిగ్గా ఆ చోటి గుండా పోతుంది. సగం చొప్పున కాక పావు చొప్పున, మూడు పావుల చొప్పున విభజిస్తూ పోతే గీతపై మరిన్ని చోట్లు దొరుకుతాయి. ఇందులో కూడిక, భాగహారం తప్ప మరేమీ లేదు. ఆ, ఇ బిందువులను కదిపితే గీత ఎట్లా వంగుతుందో గణితం చదవని కళాకారుడు సైతం కంటితో చూసి తెలుసుకోగలడు. బెజియే కోరుకున్నది కూడా అదే. గణితజ్ఞులను మెప్పించడం ఆయన ధ్యేయం కాదు. బొమ్మ గీసే మనిషి చేతికి పట్టు ఇవ్వడం ఆయన ధ్యేయం.

ఎదురీత

కొత్త ఆలోచనకు వెంటనే స్వాగతం లభించలేదు. ఇది నిజంగా పనికివచ్చేదైతే అమెరికావారు ఎప్పుడో కనిపెట్టి ఉండేవారు కదా అన్న సందేహం సంస్థ పెద్దలలోనే వ్యక్తమయింది. యంత్రాల నడుమ పెరిగిన ఒక ఇంజనీరు చెప్పే గణితాన్ని పండితులు విశ్వసిస్తారా అన్న అనుమానమూ ఉండేది. అందుకు బెజియే ఒక చమత్కారమైన ఉపాయం పన్నారు. తన సూత్రాలకు కర్త ఒనెసిమ్ ద్యురాన్ అనే ఆచార్యుడని చెప్పేవారు. అటువంటి ఆచార్యుడు ఎక్కడా లేడు. ఇంజనీరు మాటకు తలూపని వారు లేని ఆచార్యుని మాటకు తలూపారు! ఈ చమత్కారం వెనుక ఒక వేదన కూడా ఉంది. మాటలోని సత్యం కంటె చెప్పేవారి హోదాను చూసే అలవాటు అన్ని దేశాలలోనూ ఉన్నదే.

అయినా ఆయన వెనుదీయలేదు. గీతలు గీసే యంత్రాలను, నమూనాలను చెక్కే యంత్రాలను సమకూర్చుకుంటూ యూనిసర్ఫ్ అనే వ్యవస్థను నిర్మించారు. 1968లో అది వాడుకలోకి వచ్చింది. 1975 నాటికి రెనో సంస్థలో పూర్తి స్థాయిలో అమలయింది. కళాకారుడు ఆమోదించిన వంపు సంఖ్యల రూపంలో నేరుగా ఉక్కును కోసే యంత్రం వరకు చెక్కుచెదరకుండా చేరింది. ఏది సరైనదన్న వాదానికి సంఖ్యలే సాక్ష్యమయ్యాయి.

దాచిన విద్య - పంచిన విద్య

ఇదే కాలంలో మరొక విచిత్రం జరిగింది. రెనోకు పోటీదారైన సిత్రోయెన్ సంస్థలో పోల్ ద కస్తెల్జో అనే యువ గణితజ్ఞుడు పనిచేసేవారు. 1959లోనే ఆయన ఇదే గీతలను వేరొక దారిలో కనుగొన్నారు. పైన గ్రాఫు కాగితంపై చెప్పిన మధ్య బిందువుల పద్ధతి ఆయనదే. అయితే సిత్రోయెన్ సంస్థ దానిని వ్యాపార రహస్యంగా భావించి బయటకు పొక్కనీయలేదు. ఏండ్ల తరబడి ఆయన పేరు లోకానికి తెలియలేదు.

బెజియే మార్గం వేరు. 1960 దశకపు ఉత్తరార్ధం నుండి ఆయన తన పద్ధతిని వ్యాసాలలో ప్రకటించసాగారు. 1970లో గ్రంథంగా వెలువరించారు. 1972లో ఆ గ్రంథం ఆంగ్లంలోకి అనువాదమైంది. తాము చేతికి అందుకున్న ఆ గీతలను లోకం బెజియే గీతలని పిలిచింది. తరువాతి కాలంలో పండితులు కస్తెల్జో పనిని వెలికితీసి, మధ్య బిందువుల పద్ధతికి ఆయన పేరే పెట్టి న్యాయం చేశారు. ఈ గీతలకు ఆధారమైన బహుపదులు 1912లోనే బెర్న్‌స్టైన్ అనే గణితజ్ఞుని రచనలో ఉన్నాయని కూడా తేలింది. ఒక దీపం వెలగడానికి ఎందరో నూనె పోస్తారు. దానిని వాకిట పెట్టినవారి పేరు బాటసారులకు గుర్తుంటుంది.

కారు నుండి కాగితానికి

కారు రేకు కోసం పుట్టిన గీత కాగితంపైకి ఎట్లా వచ్చిందన్నది ఆసక్తికరమైన విషయం. 1982లో జాన్ వార్నాక్, చార్లెస్ గెష్కీ కలిసి అమెరికాలో అడోబ్ సంస్థను నెలకొల్పారు. 1984లో వారు వెలువరించిన పోస్ట్‌స్క్రిప్ట్ అనే ముద్రణ భాష అక్షరాల అంచులను బెజియే గీతలతోనే వర్ణించింది. 1985లో లేజర్ ముద్రణ యంత్రం, పేజ్‌మేకర్ అనే పుటల కూర్పు సాఫ్ట్‌వేర్ తోడయ్యాయి. బల్లపైనే పుస్తకాన్ని కూర్చే కాలం ఆరంభమయింది.

ఇది తెలుగు లిపికి ఎంతో మేలు చేసింది. తెలుగు అక్షరాలు వంపుల పుట్టిల్లు. తలకట్టు, సుడి, గుడి, కొమ్ము, ఏత్వం - ఏది చూసినా ఒక మెలిక. సీసపు అక్షరాల కాలంలో ఒక్కొక్క పరిమాణానికి ఒక్కొక్క పోత పోయవలసి వచ్చేది. బొమ్మ కావాలంటే బ్లాకు చేయించవలసి వచ్చేది. గడుల పద్ధతిలో కంప్యూటరు తెరపై వేసిన అక్షరాన్ని పెంచితే వంపులు మెట్లుగా మారేవి. బెజియే గీతలతో గీసిన అక్షరం అన్ని పరిమాణాలలోనూ ఒకే నునుపుతో నిలిచింది. చిన్న పట్టణాలలో సైతం డీటీపీ కేంద్రాలు వెలిశాయి.

ఈ మార్పుకు ఒక వెల కూడా ఉంది. కేసుల నుండి సీసపు అక్షరాలను ఒక్కొక్కటిగా ఏరి, తలక్రిందులుగా చదువుతూ కూర్చిన కంపోజిటర్ల నేర్పు అవసరం లేకుండా పోయింది. కొందరు కంప్యూటరును నేర్చుకున్నారు. మరికొందరు ఆ వృత్తినే విడిచారు. ఏ కొత్త విద్యను మెచ్చుకునేటప్పుడైనా అది పక్కకు నెట్టిన చేతులను మరువరాదు.

పుట లోపలి బిందువులు

1998లో ఎక్స్‌ఎంఎల్ అనే రాత పద్ధతి అంతర్జాతీయ ప్రమాణంగా వెలువడింది. ఇందులో ప్రతి అంశమూ తన పేరు గల తొడుగులో ఉంటుంది. దానిని యంత్రం చదవగలదు; ఓపిక ఉంటే మనిషీ చదవగలడు. 2008లో అడోబ్ సంస్థ తన ఇన్‌డిజైన్ పుటలను ఇదే పద్ధతిలో భద్రపరచడానికి ఐడీఎంఎల్ అనే రూపాన్ని ప్రవేశపెట్టింది.

అటువంటి పత్రంలో ఒక ఆకారం ఒక దారిగా నమోదవుతుంది. ఆ దారి చివరలు కలిసి మూసుకున్నదా, తెరిచి ఉన్నదా అన్నది మొదట చెబుతారు. తరువాత దారి బిందువులు వరుసగా వస్తాయి. ప్రతి దారి బిందువుకూ మూడు స్థానాలు ఉంటాయి. గీత తప్పక తాకే చోటు స్థిర బిందువు. గీత లోనికి వచ్చే దిక్కును చెప్పేది ఎడమ దిశా బిందువు. బయటకు వెళ్ళే దిక్కును చెప్పేది కుడి దిశా బిందువు. ఒక్కొక్క స్థానానికి అడ్డంగా ఒక సంఖ్య, నిలువుగా ఒక సంఖ్య. అంటే ఒక దారి బిందువుకు ఆరు సంఖ్యలు. మొదటి స్థిర బిందువు, దాని కుడి దిశా బిందువు, తరువాతి దాని ఎడమ దిశా బిందువు, ఆ తరువాతి స్థిర బిందువు - ఈ నాలుగే బెజియే చెప్పిన అ, ఆ, ఇ, ఈ.

చతురస్రానికి నాలుగు మూలలు. అక్కడ వంపు లేదు కాబట్టి ప్రతి మూలలోనూ మూడు స్థానాలు ఒక్కటే అవుతాయి. తెలుగు సున్నకు వెలుపలి అంచుకు నాలుగు బిందువులు, లోపలి అంచుకు నాలుగు బిందువులు చాలు. అంచు వ్యాసార్ధం 100 పాయింట్లు అయితే దిశా బిందువులను స్థిర బిందువుకు ఇరువైపులా సుమారు 55 పాయింట్ల దూరంలో ఉంచాలి. అంగుళానికి 72 పాయింట్లు. ఇట్లా గీసిన సున్న గణితం ప్రకారం సంపూర్ణ వృత్తం కాదు. అయితే దాని లోపం పదివేలలో మూడు వంతులకు లోపే, కంటికి అందదు. బిందువుల వరుస తారుమారైతే మాత్రం సున్న ముడిపడిపోతుంది. మూసుకున్న దారి అని చెప్పకపోతే అంచు గీత ఒకచోట తెగి ఉంటుంది. కొద్ది సంఖ్యలే కావచ్చు. వాటిలో క్రమం తప్పరాదు.

చరమ దశ

1968 నుండి 1979 వరకు బెజియే పారిస్‌లోని జాతీయ కళా వృత్తి విద్యాసంస్థలో ఉత్పత్తి ఇంజనీరింగు ఆచార్యులుగా పనిచేశారు. లేని ఆచార్యుని పేరు చెప్పుకున్న ఇంజనీరు తానే ఆచార్యులయ్యారు. 1975లో రెనో నుండి పదవీ విరమణ చేశారు. 1977లో, అరవై ఆరేండ్ల వయసులో, పారిస్ విశ్వవిద్యాలయం నుండి గణితంలో డాక్టరేటు పొందారు. తొలి పట్టాలకు, ఈ పట్టాకు నడుమ దాదాపు అర్ధ శతాబ్దం గడిచింది. 1985లో కంప్యూటర్ చిత్రకళా రంగంలో విశిష్టమైన స్టీవెన్ కూన్స్ పురస్కారం ఆయనను వరించింది. 1999 నవంబరు 25న ఆయన కన్నుమూశారు. కస్తెల్జో 2022 మార్చిలో మరణించారు. 

ఎమ్మిగనూరు నీలకంఠేశ్వర స్వామి జాతర గోడపత్రికలోని తెలుగు అక్షరాలు, ఆదోని శుభలేఖలోని మామిడి పిందె, విద్యార్థి చేతిలోని పాఠ్యపుస్తకం - వీటన్నింటిలోనూ ఆ గీతలు ఉన్నాయి. వాటిని వాడేవారికి ఆయన పేరు తెలియకపోవచ్చు. తాను కనుగొన్నదానిని పెట్టెలో దాచి ఉంచితే అది ఒక కార్ఖానా సొత్తుగా మిగిలేది. పదిమందికీ పంచడం వలన లోకమంతటి సొత్తు అయింది. ఒక మనిషి ఊహించిన రూపం మరొక మనిషికి చెదరకుండా చేరాలన్న తపనే పియెర్ బెజియే జీవితానికి సారాంశం.

ప్రశ్నలు

1. కారు నిర్మాణంలో వంపు గీత చేతులు మారడం వలన కలిగిన ఇబ్బందులను వివరించండి.
2. బెజియే లేని ఆచార్యుని పేరు ఎందుకు చెప్పవలసి వచ్చింది?
3. దాచిన విద్యకు, పంచిన విద్యకు గల భేదాన్ని పాఠం ఆధారంగా చర్చించండి.
4. గళ్ళ కాగితంపై వేసిన మామిడి పిందెకు, బిందువులతో గీసిన మామిడి పిందెకు తేడా ఏమిటి?
5. ఒక దారి బిందువులో ఉండే మూడు స్థానాలను పేర్కొని, వాటి ప్రయోజనాన్ని తెలపండి.